సముద్రంలో కోడి

"సముద్రంలో కోడెందుకుంటుంది నూకాలమ్మా?"

నా ప్రశ్నకి నవ్వాలో భయపడాలో తెలియక నూకాలమ్మ మొగుడి వంక చూసింది. రామ్మూర్తి చిరిగిన వల కుట్టుకుంటూ తల ఇంకా కిందికి దించుకున్నాడు. అరుగు మీద కూర్చున్న క్రిస్టీనా మాత్రం మొహం రెండు చేతుల్లోనూ దాచుకుంది. మూడు వారాలుగా ఆ అమ్మాయికి కంటి మీద కునుకు లేకుండా చేసిన ప్రశ్న అది.

2009 డిసెంబరు రెండు, బుధవారం. మధ్యాహ్నం రెండూ పది. అంతర్వేదిలో రామ్మూర్తి ఇంటి వాకిట్లో ఉన్నాం. మర్నాడు పదకొండు గంటలకి కాకినాడలో తవ్వకానికి అనుమతివ్వాలో వద్దో తేల్చే కమిటీ కూర్చుంటుంది. ఈ లోపల ఆ కోడి సంగతి తేలకపోతే, రాజోలులో జువాలజీ చెప్పే క్రిస్టీనా దొంగ రిపోర్టు రాసిందన్న పేరుతో ఉద్యోగం పోగొట్టుకుంటుంది. గోదావరి సముద్రంలో కలిసే మొగని జెట్టీ కట్టబోయే కంపెనీ తవ్వేసుకుంటుంది. అక్కడ మూడు తరాలుగా వేటాడుతున్న రామ్మూర్తి కుటుంబం వేరే పని వెతుక్కోవాలి.

నా పేరు కనకమహాలక్ష్మి. అమలాపురంలో ఒక జెరాక్స్ షాపు మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. అంతకుముందు ఇరవయ్యారేళ్ళు కాకినాడలో పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేశాను. పొద్దున్నే రెండు పెసరట్లు, బస్సులో కిటికీ పక్క సీటు, చేతిలో ఒక చిక్కు కేసు ఉంటే ఇంక నాకు దేవుణ్ణి అడగాల్సింది ఏమీ ఉండదు. ఆ రోజు మూడూ దొరికాయి. అందుకే క్రిస్టీనా ఏడుపు మొహం పెట్టినా నేను హుషారుగానే ఉన్నాను.

కేసు ఇది. చేపలు నీళ్ళలో తిరిగేటప్పుడు ఒంటి జిగురో, పొలుసో, ఏదో ఒకటి వదుల్తూనే ఉంటాయట. చేపని పట్టనక్కర్లేదు, కంటితో చూడనక్కర్లేదు. లీటరు నీళ్ళు వడగట్టి, వడపోత కాగితం మీద మిగిలిన డీఎన్ఏని ల్యాబులో చదివితే అక్కడ ఏయే ప్రాణులు తిరిగాయో పేర్లతో సహా తెలుస్తుందట. విదేశాల్లో కూడా ఈ పద్ధతి ఈమధ్యే మొదలైందని చెప్పింది క్రిస్టీనా. గాజు గ్లాసుల మీదా బీరువా తలుపుల మీదా వేలిముద్రలు వెతికి కళ్ళు పాడుచేసుకున్నదాన్ని నేను. నీళ్ళకి కూడా ముద్రలు పడతాయని వినేసరికి నాకు నిజంగానే ఈర్ష్య పుట్టింది.

ఆ అమ్మాయి మొగ నుంచి మూడు సీసాల నీళ్ళు తెప్పించి పరీక్షకి పంపింది. నాలుగో సీసాలో ముందే శుద్ధమైన నీళ్ళు నింపి మూత బిగించింది. దాన్ని పడవలో ఊరికే తిప్పి తేవాలి. దారిలో ఎక్కడా ఏమీ కలవలేదని చెప్పడానికి అది సాక్షి. ల్యాబు వాళ్ళు మూడు సీసాల్లోనూ పండుగప్ప, మాగ, కొయ్యింగ చేపలు ఉన్నాయన్నారు. వాటితోపాటు రంపపు సొర కూడా ఉందన్నారు. ముక్కు స్థానంలో రెండు వైపులా పళ్ళున్న రంపం ఉండే సొర అది. పదిహేనేళ్ళుగా ఈ తీరంలో ఎవరి వలలోనూ పడలేదు. దాన్ని ముట్టుకోకూడదని చట్టం ఉంది కాబట్టి, అది బతికున్న చోట తవ్వకానికి అనుమతి రావడం కష్టం. అంతవరకూ బాగానే ఉంది. కానీ అవే మూడు సీసాల్లోనూ కోడి కూడా ఉంది. నాలుగో సీసా శుభ్రంగా ఉంది.

"ఈ నీళ్ళు సముద్రంలో పట్టినవి కావు, ఒడ్డున ఎవరింట్లోనో పట్టినవి" అని కంపెనీ వాదన. కోడి సముద్రంలో ఈదదు కాబట్టి ఆ వాదన వింటే నాకూ సబబుగానే అనిపించింది.

"సరే, మొదట్నుంచీ చెప్పుకుందాం" అన్నాను నోటుబుక్కు తీసి. "సీసాలు ఇక్కడికి ఎప్పుడొచ్చాయి?"

"అక్టోబరు పదకొండు, ఆదివారం సాయంత్రం అయిదింటికండి" అంది క్రిస్టీనా. "నూకాలమ్మగారి చేతికే పెట్టె ఇచ్చేను. మర్నాడు నేను కూడా పడవలో వెళ్ళాలి. మలికిపురం దగ్గర బస్సు ఆగిపోయింది. నేనొచ్చేసరికి ఆరూ యాభై."

"పోటు ఆగదు కదండీ" అన్నాడు రామ్మూర్తి. "ఆరింటికి పడవ తీసేసేనండి. ఆరున్నరకి మొగలో ఉన్నాం. ఏడున్నరకి తిరిగొచ్చేసేం."

"పడవలో ఎవరెవరున్నారు?"

"నేనూ, కంపెనీ ఇంజనీరుగారూనండి. ఆయన కూడా రెండు సీసాలు తెచ్చుకున్నారు. సీలేసున్నాయండి. మొగలోకి వెళ్ళేకే విప్పి నీళ్ళు పట్టేరు."

"ఆ రెండూ ఏమయ్యాయి?"

"జీపులో పగిలిపోయాయని కమిటీకి రాసిచ్చేరండి" అంది క్రిస్టీనా.

నోటుబుక్కులో రెండు గీతలు గీశాను. ఆదివారం సాయంత్రం అయిదు నుంచి సోమవారం ఉదయం ఆరు దాకా పదమూడు గంటలు. ఆ పదమూడు గంటలూ సీసాలు ఈ ఇంట్లోనే ఉన్నాయి.

"నూకాలమ్మా, ఆ రాత్రి పెట్టె ఎవరైనా తెరిచారా?"

"లేదండి."

"పొద్దున్న?"

నూకాలమ్మ పమిట చెంగు వేలికి చుట్టింది, విప్పింది. దొంగతనం చేసినవాళ్ళు నా కళ్ళలోకి సూటిగా చూసి అబద్ధం చెబుతారు. ఇలా చెంగు చుట్టుకునేవాళ్ళు మంచి పనే చేశామనుకుని చేసి, ఎవరో తిడతారేమోనని దాస్తారు. ఇరవయ్యారేళ్ళలో నేను నేర్చుకున్నది వేలిముద్రల కంటే ఇదే ఎక్కువ.

క్రిస్టీనా తెచ్చిన పెట్టెలోంచి నాలుగు సీసాలూ తీసి వరసగా పెట్టాను. నాలుగూ ఒకటే కొలత, ఒకటే మూత. ఇల్లు దాటేటప్పుడు వాటిలో ఉన్న తేడా ఒక్కటే. మూడు ఖాళీవి, ఒకటి నిండుది. శుభ్రంగా వచ్చింది నిండుదే.

"నీ మొగుడు వేటకి బయల్దేరుతుంటే ఖాళీ బిందె పట్టుకుని ఎదురెళ్తావా?" అని అడిగాను.

"రామ రామ. ఎవరైనా ఎల్తారా అండీ?"

"మరి ఖాళీ సీసాలు చేతికిచ్చి సాగనంపుతావా?"

నూకాలమ్మ పమిట చెంగు వదిలేసింది. తర్వాత చిన్నగా అంది. "ఎలా పంపుతానండీ? ఈయనెళ్ళేది సముద్రం మీదికి. ఒకటి కాదు, మూడు ఖాళీ సీసాలాయె. ఇంత నీళ్ళుంటే దోషం ఉండదని చూరు కింద నీళ్ళ గోలెంలోంచి చెంబుడు ముంచి తలా కాసిని పోసేను. నాలుగోది నిండుగానే ఉంది. దాని జోలికెళ్ళలేదు."

"ఆదివారం ఏం వండుకున్నారు?"

"కోణ్ణి కోసేమండి. ఆ గోలెం దగ్గరే కడిగేను. అదే చెంబు."

క్రిస్టీనా చేతులు మొహం మీంచి దిగిపోయాయి. "రామ్మూర్తిగారూ, సీసాల్లో నీళ్ళున్నాయని మీరు చూళ్ళేదా?"

"ఆయ్, చూసేనండి. కడగటానికి మేడంగారే పోసుంటారనుకుని పారబోసి, సముద్రం నీళ్ళు పట్టేను. తప్పయిందాండీ?"

ఆ అమ్మాయికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ సీసాలని ఒక రోజంతా ఉడకబెట్టి, మందుతో కడిగి, ఆరబెట్టి తెచ్చిందట. ఆ శుభ్రతే నూకాలమ్మకి అపశకునంగా కనిపించింది. నాకు మాత్రం నూకాలమ్మ మీద కోపం రాలేదు. నేనూ ఖాళీ కూజా ఎదురైతే ఇంట్లోకి వెళ్ళి కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరేదాన్నే.

"కోడి దొరికింది" అని నోటుబుక్కు మూశాను.

గుమ్మం దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

"శభాష్ లక్ష్మిగారూ. నా పని మీరే పూర్తి చేసేరు."

బంగారరాజుగారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఇప్పుడు జెట్టీ కంపెనీ తరఫున విచారణలు చేస్తున్నారు. కాకినాడలో పదకొండేళ్ళు ఇద్దరం ఒకే మెట్లు ఎక్కి దిగాం. నేను తీసిన వేలిముద్రల మీద ఆయన పట్టుకున్న దొంగలు బోలెడుమంది. ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పని మనిషి. నిజాయితీపరుడు, అది ఒప్పుకుంటాను. అందుకే ఆయన ఎదురుగా ఉంటే నాకింకా ఒళ్ళు మండుతుంది.

"మీరెప్పుడొచ్చేరండీ?" అన్నాను.

"గోలెం దాకా విన్నాను. నాకంతే చాలు. ఒకసారి గోలెం పైకి చూడండి."

చూశాను. తాటాకు చూరు కింద, గోలెం నెత్తి మీదుగా, అడ్డంగా కట్టి ఉంది ఒక రంపం. చేయంత పొడుగు. పసుపు, కుంకుమ దట్టంగా పూసి ఉన్నాయి. రెండు వైపులా పళ్ళు.

ఆయన జేబులోంచి ఒక కలర్ ఫోటో తీసి నా చేతికిచ్చారు. అదే చూరు, అదే రంపం, అదే గోలెం. "దీని కాపీ కమిటీ ఫైల్లో ఉంది. నేనే పెట్టేను. అక్టోబరులో వానలు. చూరు నీళ్ళు ఆ రంపం మీంచి కారి గోలెంలో పడతాయి. గోలెం నీళ్ళు మూడు సీసాల్లోకీ వెళ్ళేయని ఇప్పుడు సాక్షుల చేత మీరే చెప్పించేరు. మీ కోడి ఏ దారిన వచ్చిందో మీ సొర కూడా ఆ దారినే వచ్చింది. ఎప్పుడో చచ్చిన సొర. మొగలో ఏమీ లేదు."

కేసు గెలిచానని సంబరపడి సరిగ్గా మూడు నిమిషాలు కాలేదు. క్రిస్టీనా నా వంక చూస్తోంది. ఆ చూపులో నింద లేదు. అది ఉన్నా బావుండేది.

"రామ్మూర్తీ, ఆ రంపం ఎక్కడిది?"

"మా తాత పట్టిన సొరదండి" అన్నాడు రామ్మూర్తి. కానీ చూపు తిప్పుకున్నాడు.

"పీట ఉంటే ఇవ్వమ్మా నూకాలమ్మా."

"ముట్టుకోకండి" అని రామ్మూర్తి ఒక్క ఉదుటున లేచాడు. ఇందాకటి నుంచి తలొంచుకుని మాట్లాడుతున్న మనిషి అంత గట్టిగా అనేసరికి నాకు ఉత్సాహం వచ్చింది.

"ముట్టుకోను. చూస్తాను, అంతే."

పీటెక్కాను. రంపం కింద సాలెగూడు ఒకటి ఉంది. దాని మీద పసుపులాంటి పొడి రాలి ఉంది. కొంచెం వేలికి తీసుకుని వాసన చూశాను. పసుపు వాసన లేదు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా ఉంది. కళ్ళజోడు పైకి తోసి, రంపం అడుగు భాగాన్ని దగ్గరగా చూశాను. పసుపు పూత పెచ్చులూడిన చోట, గుండుసూది తలంత కన్నాలు ఆరో ఏడో కనిపించాయి.

పీట దిగి ఆ పొడి బంగారరాజుగారి అరచేతిలో వేశాను.

"రాజుగారూ, ఎముకకి పుచ్చు పడుతుందాండీ?"

ఆయన నా మొహంలోకి చూసి, పొడి వంక చూసి, తనే పీటెక్కారు. నేనీలోగా రామ్మూర్తిని దొడ్లోకి పిలిచాను. క్రిస్టీనా కూడా వెనకే వచ్చింది.

"చెక్కతో చేసిందెవరు?"

"మా అయ్యండి" అన్నాడు గొంతు తగ్గించి. "తొంభయ్యారు తుపానులో ఇల్లూ పోయింది, రంపమూ పోయింది. అమ్మ అప్పుడు స్కూల్లో పునరావాసంలో ఉంది. ఆ రంపం ఉంటేనే ఇంట్లో మగాళ్ళు సముద్రం మీంచి తిరిగొస్తారని దాని నమ్మకం. పోయిందంటే తట్టుకోలేదని, పడిపోయిన మామిడి చెట్టు కొమ్మతో అయ్య చెక్కేడు. అమ్మ వచ్చేసరికి చూరుకి కట్టేసేం. అయ్య పోయి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళూ నేనే దాచుకొచ్చేను. నూకాలుక్కూడా తెలీదు." చేతులు జోడించాడు. "రేపు కాకినాడలో చెప్పమంటే చెప్పలేనండి. ఊరంతా అనుకుంటారు. అమ్మ చెవిన పడుద్ది."

ఒకవైపు ఈ పిల్ల ఉద్యోగం, పరువు. ఇంకోవైపు ఎనభై ఏళ్ళ ముసలమ్మ ధైర్యం. ఆ రెంటి మధ్యా మామిడి చెక్క ముక్క ఒకటి వేలాడుతోంది.

"వద్దులెండి" అంది క్రిస్టీనా. "ఇంకేదైనా దారి చూద్దాం మేడమ్. ఆవిడ్ని బాధపెట్టద్దు."

ఇంకేదైనా దారంటూ లేదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట అనేసింది. అప్పుడే నాకు ఆ పిల్ల మీద ప్రేమ కలిగింది.

"ఒరే రామ్మూర్తీ."

వెనక వసారాలో చాప మీద పడుకున్న బుజ్జమ్మ లేచి కూర్చుని ఉంది. రామ్మూర్తి తల్లి. నిద్రపోతోందని అందరం అనుకున్నాం.

"రోజూ పసుపు రాసే చెయ్యిరా ఇది. చెక్కో ఎముకో తెలీదనుకున్నావా?"

రామ్మూర్తి వెళ్ళి తల్లి చాప పక్కన కూర్చున్నాడు. "ఎప్పుడు తెలిసిందే?"

"కట్టిన రోజే. పాతదానికి ఎడమ పక్క రెండు పళ్ళు లేవు. మీ అయ్య అన్ని పళ్ళూ పెట్టేసేడు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆయన చిన్నబుచ్చుకోడూ? ఇల్లు పోయి, వల పోయి, తిండి లేని రోజుల్లో నాకోసం కూచుని చెక్కేడు. ఆ రంపం మీద నాకున్న నమ్మకం ఎంతని? దీనిమీదే ఎక్కువ." ముసలమ్మ నా వైపు తిరిగింది. "తీసుకెళ్ళి చూపించమ్మా ఆళ్ళకి. మళ్ళీ తెచ్చి ఇచ్చెయ్యాలి, ఆ షరతు మీద."

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు. దాచుకోవడానికి నేనిప్పుడు పోలీసు శాఖలో లేనుగా.

మేం వాకిట్లోకి వచ్చేసరికి బంగారరాజుగారు పీట మీంచి దిగి గోరుతో ఒక పన్ను గీకి చూసుకున్నారు.

"చెక్కే" అన్నారు. ఓడిపోయినప్పుడు ఆయన మాటలు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి. "మామిడి చెక్కలోంచి సొర ముద్రలు రావు. ఒప్పుకున్నాను."

"ఇంకొకటి కూడా ఒప్పుకోవాలండి" అన్నాను. ఆయనిచ్చిన ఫోటో ఇంకా నా చేతిలోనే ఉంది. కింద మూలన ఎర్రటి అంకెలు. "ఇది మీరు తీసిన ఫోటోయేనా?"

"నేనే తీసేను. తారీకు లేని ఫోటో నేను తియ్యను, మీకు తెలుసు."

"తెలుసు. నవంబరు నాలుగు. క్రిస్టీనా, నీకు ల్యాబు రిపోర్టు ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదో తారీకండి. అక్కడ పరీక్ష పూర్తయిందే ఆరో తారీకున. రిపోర్టు మీద ఉంది."

"నాలుగో తారీకుకి ఈ సీసాల్లో ఏముందో ల్యాబు వాళ్ళకి కూడా తెలీదు. అలాంటిది రాజుగారూ, ఆ రోజు మీరిక్కడికొచ్చి గోలేన్నీ కాదు, గుమ్మాన్నీ కాదు, సొర రంపాన్నే ఫోటో ఎందుకు తీశారు?"

"కంపెనీ మేనేజరు చెప్పేడు. అంతర్వేదిలో ఎవరింట్లోనైనా రంపపు సొర రంపం ఉందేమో వెతికి ఫోటో..." ఆయన ఆగిపోయారు.

నేను తొందరపెట్టలేదు. పదకొండేళ్ళ పాత బాకీ ఏదో తీరుతున్నట్టు నాకు హాయిగా ఉంది.

"జీపులో సీసాలు పగల్లేదు" అన్నారు ఆయనే చివరికి.

"పగల్లేదు. ముందే వేరే ల్యాబుకి వెళ్ళాయి. ముందే జవాబు వచ్చింది. సీలు మొగలో విప్పిన సీసాలవి, నూకాలమ్మ చెయ్యి పడలేదు కాబట్టి వాటిలో కోడి ఉండదు. సొర మాత్రం ఉంది. అది మొగలో బతికే ఉందని మనందరికంటే ముందు మీ కంపెనీకే తెలుసు."

క్రిస్టీనా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడు వారాలుగా తన మీద తనకే అనుమానం వేసిందట. ఆ మాట అప్పుడు చెప్పింది. "నేను అబద్ధం రాయలేదు మేడమ్" అని రెండుసార్లు అంది, ఎవరూ కాదనకపోయినా.

బంగారరాజుగారు అరుగు మీద కూర్చున్నారు. ఆయన్ని అంత నీరసంగా ఎప్పుడూ చూడలేదు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎవరి చేతిలోనూ కీలుబొమ్మ కాని మనిషి. జేబురుమాలుతో మొహం తుడుచుకుని, వాచీ చూసుకుని, ఉలిక్కిపడి లేచారు.

"టైమెంత అయిందో చూసేరా? మూడూ ఇరవై."

"అయితే?"

"రేపు కమిటీకి ఏమాత్రం అనుమానం వచ్చినా మొగలో మళ్ళీ నీళ్ళు పట్టి పరీక్ష చెయ్యమంటారు. కంపెనీకి భయం అదే. ఇవాళ మీరు ఇక్కడికొస్తున్నారని మేనేజరుకి తెలిసింది. అయిదింటి దాకా మిమ్మల్ని వాదనలో పెట్టి పడవెక్కకుండా చూడమన్నాడు. ఎందుకని అడిగితే, మిషను ట్రయలుకి వస్తోంది, అడ్డం రాకుండా అన్నాడు." ఆయన గొంతు మారింది. "తవ్వే మిషను లక్ష్మిగారూ. అయిదింటికి పోటు మీద మొగలోకి వస్తోంది. రేపు పదకొండుకి అడుగునున్న మట్టి అంతా పైకొచ్చేసి ఉంటుంది. ఆ సొర అక్కడే పిల్లల్ని పెట్టి ఉంటే..."

రామ్మూర్తి ఆయన మాట పూర్తయ్యే దాకా ఆగలేదు. వల వదిలేసి, తెడ్డు భుజాన వేసుకుని రేవు వైపు పరిగెత్తాడు. క్రిస్టీనా తన సంచీలోంచి సీలు వేసిన కొత్త సీసాల పెట్టె తీసి గుండెలకి హత్తుకుని అతని వెనకే నడిచింది. బుజ్జమ్మ వసారాలోంచే కోడల్ని కేకేసి, పక్కింటివాళ్ళ పడవలు కూడా దింపించమంది.

రేవులో నీళ్ళు అప్పుడే పైకి పాకుతున్నాయి. బంగారరాజుగారు బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు.

"నన్నూ ఎక్కించుకోండి" అన్నారు. "ఎదురొచ్చే పడవలో వాళ్ళ మనిషినే చూస్తే మిషను ఆపుతారు."

"ఆపకపోతే?" అంది క్రిస్టీనా.

దూరంగా సముద్రం వైపు నుంచి ఒక ఇంజను చప్పుడు వినిపించింది. అయిదు కావడానికి ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. వాళ్ళు పోటు కోసం కూడా ఆగలేదు.

ఆయన ఆ చప్పుడు విని, నా వైపు తిరిగి, నేనాయన దగ్గర పదకొండేళ్ళలో ఒక్కసారీ వినని మెత్తటి గొంతుతో అడిగారు.

"మీకు ఈత వచ్చాండీ?"

"రాదండి" అని చెప్పి పడవెక్కాను.